నాయన ఫోన్‌పే ఉన్న ఫోన్‌ను రూట్ చేయొచ్చా?

ప్రశ్న: అన్నా, నేను అనంతపురంలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నా. మాది కూడేరు దగ్గర పల్లె, రోజూ బస్సులో వచ్చిపోతా. నా ఫోన్ కొని నాలుగేళ్లయింది. ఆండ్రాయిడ్ 12 దగ్గరే ఆగిపోయింది, సెక్యూరిటీ అప్‌డేట్ వచ్చి ఏడాదిన్నర దాటింది. మా క్లాస్‌మేట్ తన ఫోన్‌ను రూట్ చేసి కొత్త ఆండ్రాయిడ్ వేసుకున్నాడు, భలే స్పీడుగా ఉంది. నాదీ చేసిస్తానంటున్నాడు. ఒక మొబైల్ షాపులో అడిగితే 800 రూపాయలు అవుతుందన్నారు. చిక్కేమంటే, బ్యాంకుకు లింకైన నాయన సిమ్ కూడా నా ఫోన్‌లోనే ఉంది. ఆయన ఫోన్‌పే, బ్యాంకు యాప్, పీఎం కిసాన్ ఓటీపీలు అన్నీ ఇందులోనే. ఆయనకు చెబితే ‘పనిచేసే ఫోన్‌ను యాల కెలుకుతావ్‌రా, గమ్మునుండు’ అన్నాడు. అప్‌డేట్ రాని ఫోన్ వాడితే డబ్బులు పోతాయని క్లాస్‌మేట్ టెన్షన్ పెడుతున్నాడు. ఎవరి మాట వినాలి? రూట్ చేస్తే కేసేమైనా అవుతుందా?

జవాబు: తమ్ముడూ, నాయన మాటే విను. ఈ ఫోన్ జోలికి పోవద్దు. అలాగని రూట్, కస్టమ్ రోమ్ అనేవి దొంగ పనులేమీ కావు. నీకు అంత ఆశగా ఉంటే వేరే దారి ఉంది, అది చివర్లో చెప్తా.

ముందు ఒక గందరగోళం తీరాలి. మీ క్లాస్‌మేట్ మూడు వేర్వేరు పనులను కలిపేసి ‘రూట్’ అనేశాడు. ఫోన్ ఆన్ చేయగానే అన్నిటికంటే ముందు లేచే చిన్న ప్రోగ్రామ్ ఒకటుంది, దాని పేరు బూట్‌లోడర్. దాని వెనక వచ్చే ఆండ్రాయిడ్ మీద కంపెనీ సంతకం ఉందో లేదో చూసి, ఉంటేనే లోపలికి వదుల్తుంది. దీన్ని అన్‌లాక్ చేస్తే ఆ తనిఖీ ఉండదు. ఎవరు తయారుచేసిన ఆండ్రాయిడ్ అయినా ఎక్కించుకోవచ్చు, అదే కస్టమ్ రోమ్. రూట్ అన్నది మూడోది. మామూలుగా ఏ యాప్ గది ఆ యాప్‌దే, పక్క గదిలోకి తొంగిచూడలేదు. రూట్ చేస్తే అన్ని గదులూ తెరిచే అధికారం నీ చేతికొస్తుంది. పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఏబీ స్విచ్ దించి ఫ్యూజు వేసుకునే రైతులను చూసే ఉంటావు. లైన్‌మన్ కోసం ఎదురుచూసే పని ఉండదు, ఏదైనా జరిగితే అడిగే దిక్కూ ఉండదు. రూట్ అచ్చంగా అలాంటిదే. నీకు కావాల్సింది కొత్త ఆండ్రాయిడ్. దానికి రూట్ అక్కరే లేదు. కస్టమ్ రోమ్ వేసుకుని రూట్ జోలికి వెళ్లకుండా వాడేవాళ్లు బోలెడుమంది.

ఇక అప్‌డేట్ రాకపోతే డబ్బులు పోతాయా అంటే, ఆ భయం పూర్తిగా ఉత్తిది కాదు. 2015లో స్టేజ్‌ఫ్రైట్ అని ఒక లోపం బయటపడింది. వీడియోలను చదివే భాగంలో ఉన్న కంత అది. దాన్ని వాడుకుని తయారుచేసిన ఎంఎంఎస్ ఒక్కటి వస్తే చాలు, ఫోన్‌లోకి చొరబడే వీలుండేది. ఆ దెబ్బకే గూగుల్ ఆ ఏడాది ఆగస్టు నుంచి నెలనెలా సెక్యూరిటీ ప్యాచ్‌లు ఇవ్వడం మొదలుపెట్టింది. సెట్టింగ్స్‌లో ఆండ్రాయిడ్ వెర్షన్ దగ్గర కనిపించే తేదీ ఆ ప్యాచ్‌దే. ఏడాదిన్నర కిందటి తేదీ ఉందంటే, ఆ తర్వాత పూడ్చిన కంతలు నీ ఫోన్‌లో పూడలేదన్నమాట.

అయితే మన పల్లెల్లో ఖాతాలు ఖాళీ చేసే దొంగలకు అంత కష్టపడే అవసరం రావడం లేదు. పీఎం కిసాన్ పేరుతోనో, ట్రాఫిక్ చలానా పేరుతోనో, పెళ్లి పత్రిక పేరుతోనో వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు వస్తుంది. పంపింది తెలిసినవాళ్ల నంబరే అయివుంటుంది, ఎందుకంటే ముందు మునిగింది వాళ్లే. నొక్కితే యాప్ ఇన్‌స్టాల్ అవుతుంది, ఎస్సెమ్మెస్‌లు చదవడానికి పర్మిషన్ అడుగుతుంది, చదవకుండానే సరే అని నొక్కేస్తాం. ఇంక ఓటీపీ మనం చూసేలోపే వాడి చేతిలో ఉంటుంది. నిన్ననే అప్‌డేట్ అయిన ఫోన్‌లోనూ ఇది జరుగుతుంది. అదే రూట్ చేసిన ఫోన్‌లో, అడిగిన ప్రతిదానికీ సరే నొక్కే అలవాటుంటే, ఆ యాప్‌కు ఎస్సెమ్మెస్‌లే కాదు, ఇల్లంతా దొరుకుతుంది. డబ్బుల భయంతో రూట్ చేయడం తిరకాసు పని.

మరి కంపెనీలు నాలుగేళ్లకే ఎందుకు చేతులు దులుపుకుంటాయి? ఆండ్రాయిడ్ మూల కోడ్‌ను గూగుల్ అందరికీ ఉచితంగానే ఇస్తుంది. కానీ కెమెరా, సిగ్నల్, వేలిముద్ర లాంటివాటిని నడిపే ముక్కలు చిప్ తయారుచేసేవాళ్లవి. వాళ్లు వాటిని లోపలేముందో చూడ్డానికి వీల్లేకుండా మూసి ఇస్తారు. పాత చిప్‌కు వాళ్లు పని ఆపేస్తే ఫోన్ కంపెనీకి ఖర్చు పెరుగుతుంది. పైగా పాత ఫోన్ నున్నగా పనిచేస్తుంటే కొత్తది కొనేదెవరు? 2023లో పిక్సెల్ 8కు గూగుల్, 2024లో ఎస్24కు సామ్‌సంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామన్నాయి. ఖరీదైన ఫోన్లు కొనేవాళ్లకు బాగానే ఉంది. నీలాంటి నాలాంటివాళ్లు కొనే ఫోన్ల దగ్గరికొచ్చేసరికి పెట్టె మీద ఏం రాశారో చూసుకోవాల్సిందే.

కంపెనీలు వదిలేసిన ఫోన్లను నడిపిస్తున్నది ఊరూపేరూ తెలియని కుర్రాళ్లు. 2009లో స్టీవ్ కాండిక్ అనే ఆయన సయనోజెన్‌మాడ్ అనే కస్టమ్ రోమ్ మొదలుపెట్టాడు. అదే ఏడాది గూగుల్ ఆయనకు నోటీసు పంపింది: ఆండ్రాయిడ్‌ను ఏమైనా చేసుకో, మా సొంత యాప్‌లను మాత్రం అందులో కలిపి పంచొద్దు అని. ఇప్పటికీ దాని వారసుడైన లైనేజ్‌ఓఎస్ వేసుకునేవాళ్లు ప్లేస్టోర్ ఉన్న ఫైలును విడిగా ఎక్కించుకుంటున్నారంటే దాని మూలం అక్కడుంది. సయనోజెన్ పేరుతో పెట్టిన కంపెనీ 2016 డిసెంబరులో దాన్ని ఆపేస్తే, అదే పనిని వాలంటీర్లు లైనేజ్‌ఓఎస్ పేరుతో కొనసాగించారు. ఇంకో ముచ్చట చెప్తా. షావోమీ తన మొదటి ఫోన్ అమ్మడానికి ఏడాది ముందే, 2010లో, ఎంఐయూఐ అనే కస్టమ్ రోమ్ వదిలింది. వేరేవాళ్ల ఫోన్లలోకి అలా ఎక్కి పేరు తెచ్చుకున్న కంపెనీయే తర్వాత తన ఫోన్ బూట్‌లోడర్ తెరవాలంటే 168 గంటలు ఆగు అంటూ గడియారం పెట్టింది. కోడలిగా ఉన్నప్పటి సంగతులు అత్తయ్యాక గుర్తుండవు కదా.

కస్టమ్ రోమ్ పొగిడేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. కొత్త రోమ్ వేయగానే ప్యాచ్ తేదీ ఈ నెలదిగా కనిపిస్తుంది, మనసు నిండిపోతుంది. కానీ ఇందాక చెప్పిన చిప్ ముక్కలు పాతవే. వాటిని ఆ కుర్రాళ్లు బాగుచేయలేరు, కంపెనీ చివరిసారి ఇచ్చినవాటినే తెచ్చి అతికిస్తారు. అందుకే లైనేజ్‌ఓఎస్‌లో రెండు తేదీలు కనిపిస్తాయి, ఆండ్రాయిడ్‌ది ఒకటి, వెండర్‌ది, అంటే ఆ చిప్ ముక్కలది ఒకటి. ఆ రెండోది పాత తేదీ దగ్గరే నిలబడి ఉంటుంది. రెండు తేదీలూ దాచకుండా చూపించడం నాకు నచ్చుతుంది.

ఇప్పుడు నాయన విషయానికొద్దాం. బూట్‌లోడర్ అన్‌లాక్ చేయగానే ఫోన్ మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. అది లోపం కాదు. ఫోన్ కొట్టేసినవాడు బూట్‌లోడర్ తెరిచి నీ ఫోటోలు చూడకుండా అలా పెట్టారు. యూపీఐ మళ్లీ మొదట్నుంచి పెట్టుకోవాలి, సిమ్ నుంచి ఎస్సెమ్మెస్ వెళ్లి నంబరు ధ్రువీకరించుకోవాలి. ఇదంతా ఒక పూట పని. అసలు తలనొప్పి తర్వాత ఉంది. ఫోన్ మీద కంపెనీ తాళం అలాగే ఉందా అని యాప్‌లు గూగుల్‌ను అడిగి తెలుసుకుంటాయి. ఇదివరకు దాన్ని సేఫ్టీనెట్ అనేవారు, ఇప్పుడు ప్లే ఇంటెగ్రిటీ. తాళం తీసి ఉందని తెలిస్తే చాలా బ్యాంకు యాప్‌లు తెరుచుకోవు. రూట్ కోసం అందరూ వాడే మ్యాజిస్క్‌తో, దానికి తగిలించే మాడ్యూళ్లతో దీన్ని కప్పిపుచ్చవచ్చు. ఇవాళ పనిచేస్తుంది. గూగుల్ కనిపెట్టగానే ఆగిపోతుంది. వారానికి ఇంకో మాడ్యూల్ వస్తుంది. ఈ దొంగాపోలీసు ఆట చదువుకునే కుర్రాడికి సరదాయే. కానీ ఆ యాప్ ఆగిపోయిన రోజు మీ నాయన ఎక్కడుంటాడో ఊహించుకో. ఎరువుల అంగట్లో మూడు మూటలు ఆటోలో వేయించి, క్యూఆర్ దగ్గర ఫోన్ పట్టుకుని నిలబడి ఉంటాడు. తెర మీద ఈ ఫోన్ సురక్షితం కాదు అని ఇంగ్లీషులో వస్తుంది. వెనక నలుగురు కాచుకుని ఉంటారు. మాడ్యూల్ అప్‌డేట్ చెయ్యి నాయనా అని అప్పుడు ఫోన్‌లో చెప్తావా?

అందులో ఉన్నది జియో సిమ్ అయితే ఇంకో ముప్పు. జియోకు 2జీ, 3జీ లేవు, మాట్లాడటమంతా వోల్టీలోనే, అంటే 4జీ మీదే. వేసిన రోమ్‌లో వోల్టీ సరిగా లేకపోతే ఇంటర్నెట్ గుర్రంలా పరిగెడుతుంది, కాల్ మాత్రం పోదు, రాదు. రోమ్ పేజీలో ‘తెలిసిన లోపాలు’ అనే చోట చిన్న అక్షరాల్లో ఇది రాసి ఉంటుంది, చూసేవాళ్లు తక్కువ.

నేనూ చూడలేదు. కర్నూలులో సి.క్యాంప్ దగ్గర రూమ్‌లో ఉండే రోజుల్లో, ఉన్న ఒక్క ఫోన్‌కు రాత్రి పదకొండింటికి కస్టమ్ రోమ్ మొదలుపెట్టా. నా మోడల్‌కే పేరులో ఒక అక్షరం తేడాతో ఇంకో మోడల్ ఉంది, నేను దింపింది దాని ఫైలు. ఫోన్ ఆన్ అవుతుంది, కంపెనీ గుర్తు కనిపిస్తుంది, ఆగిపోతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. బూట్‌లూప్. మూడింటి దాకా దాన్నే చూస్తూ కూర్చున్నా. చివరికి కంపెనీ పాత సాఫ్ట్‌వేర్ దొరికించుకుని ఎక్కిస్తే ఫోన్ లేచింది. హమ్మయ్య అనుకుని పడుకున్నా. పొద్దున లేచి చూస్తే సిగ్నల్ లేదు. స్టార్, హ్యాష్, సున్నా ఆరు, హ్యాష్ కొడితే ఐఎంఈఐ, అంటే ఫోన్ గుర్తింపు నంబరు, ఉండాల్సిన చోట ఖాళీ. ఆ రాత్రి తొందరలో ఏవేవో తుడిచేసినప్పుడు, ఆ 15 అంకెలుండే భాగం కూడా పోయింది. బ్యాకప్ తీసుకోలేదు, అలాంటిది తీసుకోవాలని కూడా తెలియదు. రెండు రోజులు ఫోన్ కలవక మా అమ్మ ఓనర్‌కు ఫోన్ చేసింది. ఆయన మేడెక్కి వచ్చి ‘ఏమప్పా, బతికే ఉన్నావా, మీ అమ్మ ఏడుస్తాంది’ అన్నాడు. ఒక షాపులో చూపిస్తే ‘ఏదో ఒక నంబరు వేసిస్తాం’ అన్నారు, భయమేసి వచ్చేశా. ఆఖరికి ఆ మోడల్ టెలిగ్రామ్ గ్రూపులో ముక్కూముఖం తెలియని ఒకాయన, నేను పంపిన లాగ్ (ఫోన్‌లో ఏం జరిగిందో నమోదయ్యే ఫైలు) చూసి రెండు లైన్ల కమాండ్ ఇచ్చాడు. ఫోన్‌లోనే ఇంకో మూల దాగి ఉన్న కాపీ నుంచి నంబరు తిరిగొచ్చింది. అది నా అదృష్టం. అందరి ఫోన్లలోనూ ఆ కాపీ బతికి ఉండదు.

నువ్వడిగిన కేసు సంగతి కూడా ఇక్కడే ఉంది. నీ సొంత ఫోన్‌ను రూట్ చేసుకోవడం మన దేశంలో నేరం కాదు. ఐఎంఈఐ మార్చడం నేరం. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టంలో దానికి మూడేళ్ల వరకు జైలు, 50 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ‘ఏదో ఒక నంబరు’ వేయించుకుంటే ఇరుక్కునేది నువ్వు.

800 రూపాయల షాపు గురించి ఒక్క మాట. ఆ పనికి కావాల్సినవన్నీ ఉచితంగా దొరుకుతాయి, దానికి డబ్బులివ్వడం ఒక బాధ. అంతకంటే పెద్ద బాధ, వాళ్లు ఎక్కడి ఫైలు ఎక్కించారో నీకు తెలియకపోవడం. ఆండ్రాయిడ్ మొత్తాన్ని తయారుచేసినవాడికి నీ ఫోన్‌లో కనిపించనిదంటూ ఉండదు. ముఖం తెలియనివాడు చేసిన రోమ్‌లో నాయన బ్యాంకు పెడతావా?

ఈ ఫోన్‌కు ఇప్పుడు చేయాల్సింది చెప్తా. ఆండ్రాయిడ్ వెర్షన్ ఆగిపోయినా ఫోన్‌లో అన్నీ ఆగిపోవు. ఆండ్రాయిడ్ 10 నుంచి వ్యవస్థలో కొన్ని భాగాలు ప్లేస్టోర్ దారిలోనే అప్‌డేట్ అవుతాయి. సెట్టింగ్స్‌లో ‘గూగుల్ ప్లే సిస్టమ్ అప్‌డేట్’ అని ఉంటుంది, నొక్కి చూడు. క్రోమ్, ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, వాట్సాప్ ఎప్పటికప్పుడు అప్‌డేట్ చెయ్యి, ఎక్కువ దాడులు వచ్చేది ఆ దారుల్లోనే. ‘తెలియని యాప్‌ల ఇన్‌స్టాల్’ అనుమతి వాట్సాప్‌కు, ఫైల్ మేనేజర్‌కు, క్రోమ్‌కు తీసెయ్. ఆ ఒక్క పనితో ఇందాకటి పెళ్లి పత్రిక ఏపీకే అక్కడే ఆగుతుంది. యూపీఐకి లింకైన ఖాతాలో రోజువారీ ఖర్చుకు సరిపడా ఉంచి, శనక్కాయలు అమ్మిన డబ్బు ఇంకో ఖాతాలో వేసుకోమని నాయనకు చెప్పు. నీ ఫోన్ స్పీడు తగ్గి ఉంటే, స్టోరేజీ నిండిపోయి ఉంటుంది, గుడ్ మార్నింగ్ వీడియోలతో. అవి తీసేసి చూడు. అప్పటికీ నత్తనడకే అయితే, బ్యాకప్ తీసుకుని ఒక ఆదివారం ఫ్యాక్టరీ రీసెట్ చెయ్యి. మీ క్లాస్‌మేట్ ఫోన్ స్పీడులో సగం పుణ్యం కొత్త ఆండ్రాయిడ్‌ది కాదని నా అనుమానం. రోమ్ ఎక్కించేటప్పుడు ఎలాగూ అంతా తుడిచిపెట్టాడు కదా. నీకు రీసెట్‌తోనే ఆ సుఖం దొరకొచ్చు. ఏడాదిలోపు డబ్బులు కూడితే ఫోన్ మార్చు. సెకండ్ హ్యాండ్‌ది కొంటే, కేవైఎం అని ఇంగ్లీషులో టైప్ చేసి, ఖాళీ ఇచ్చి, ఆ ఫోన్ ఐఎంఈఐ కొట్టి 14422కు ఎస్సెమ్మెస్ పంపి, ఆ ఫోన్ సరైనదేనని జవాబొచ్చాకే డబ్బులివ్వు.

ఇక నీ ఆశ సంగతి. ఇంట్లో అటక మీద పాత ఫోన్ ఒకటి పడి ఉంటుంది, లేదా మామ ఇంట్లోనైనా ఉంటుంది. రెడ్‌మీ నోట్ 4, నోట్ 5 ప్రో, పోకో ఎఫ్1 లాంటిదైతే పంట పండినట్టే. రోమ్‌లు చేసేవాళ్ల లోకంలో వాటిని మిడో, వైరెడ్, బెరీలియం అంటారు. ప్రతి ఫోన్‌కూ ఇలాంటి ముద్దుపేరు ఉంటుంది, ఫైలు వెతకాల్సింది ఆ పేరుతోనే. నేను మునిగింది అది చూసుకోకే. మామూలుగా స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్నవాటికి రోమ్‌లు ఎక్కువ. వివో అయితే వదిలెయ్, బూట్‌లోడర్ తెరవనివ్వదు. లైనేజ్‌ఓఎస్ సొంత సైటులో నీ మోడల్ ఉందేమో చూడు. ఉంటే అక్కడి పేజీని అమ్మ వంట పుస్తకం చదివినట్టు కాకుండా, పరీక్షకు ముందు రాత్రి చదివినట్టు చదువు. దింపిన ఫైలు సరిపోల్చుకోవడానికి అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు కలిసిన ఒక పొడవాటి వరుస ఇస్తారు, అది కలిస్తేనే ముందుకెళ్లు. ఐఎంఈఐ ఉండే భాగానికి బ్యాకప్ తీసి, ఇంకోచోట దాచు. సిమ్ తీసెయ్. కనీసం నెల రోజులు రూట్ లేకుండానే వాడు.

ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ మోడల్ గ్రూపులో అడుగు. ‘బ్రో వర్క్ అవట్లేదు’ అని మాత్రం పెట్టకు, ఎవడూ పలకడు. మోడల్ ముద్దుపేరు, వేసిన ఫైలు తేదీ, ఏ అడుగు దగ్గర ఆగిందో రాసి, లాగ్ జత చెయ్యి. తర్వాతి అప్‌డేట్ ఎప్పుడొస్తుంది అని అసలు అడక్కు. ఆ రోమ్ చేసేది కాలేజీ కుర్రాడో, ఉద్యోగం ముగించుకుని రాత్రిళ్లు కూర్చునేవాడో అయివుంటాడు, జీతం లేదు. అలా అడిగి అడిగి విసిగించినందుకే పని వదిలేసి వెళ్లినవాళ్లను నేను చూశా.

ఆ పాత ఫోన్ కిందికి దించాక, ఛార్జర్ పెట్టకముందే నున్నటి బల్ల మీద వెల్లకిలా పెట్టి వేలితో ఒకసారి తిప్పు. బొంగరంలా తిరిగితే బ్యాటరీ ఉబ్బినట్టే. ఛార్జింగ్ పెట్టకు, ముందు బ్యాటరీ మార్పించు.